ఒత్తు లేని మాట

‘ఓడ యొక్క లంగరు వేయబడినది’ అన్న వాక్యం చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. కంప్యూటరు తనకు తోచినట్టు తర్జుమా చేసి పడేసిన వాక్యం. ఏ ఓడ మీద ఏ మనిషి అలా మాట్లాడతాడు? చెరిపేసి ‘లంగరు దించారు’ అని కొట్టింది. గడిలో ఇంకా చోటు మిగిలింది. తరవాతి వాక్యానికి దిగింది.

ఎక్కడెక్కడో తయారైన వీడియో గేములను మన భాషలో ఆడుకునేలా వాటిలోని మాటలన్నీ మార్చడం ఆమె పని. మాట ఎంత బాగున్నా దానికిచ్చిన గడిలో పట్టాలి. పట్టకపోతే కత్తిరించాలి. పదకొండేళ్ళుగా కత్తిరించి కత్తిరించి ఆఫీసులో ఆమె పేరే కత్తెర అయిపోయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. చివరికి ఇంట్లోవాళ్ళూ అదే పేరు పట్టుకున్నారు.

ఆ సోమవారం మధ్యాహ్నం మేనేజరు వచ్చి ఆమె బల్ల అంచు మీద కూర్చున్నాడు. ఏదైనా కావలసి వస్తేనే ఆయన అలా కూర్చుంటాడు.

“కత్తెరగారూ, చిన్న పని. ఒక్క సంతకం.”

కాగితంలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. ‘రేవు’ అనే ఆట కొనేటప్పుడు నొక్కే బటన్ మీద ‘సొంతం చేసుకో’ అని ఉండటం అనువాదకురాలి పొరపాటు. అసలు ఉద్దేశం కొంతకాలం వాడుకునే అనుమతి మాత్రమే. ఈ పొరపాటుకు కంపెనీ బాధ్యత లేదు. ఇట్లు.

ఆమె రెండుసార్లు చదివింది. ‘రేవు’ ఆరేళ్ళనాటి ఆట. ఖాళీ సముద్రతీరం ఇస్తారు. రాయి మీద రాయి పేర్చి, గట్టు కట్టి, గోదాములు లేపి, ఓడల్ని రప్పించుకుని ఎవరి రేవు వాళ్ళు కట్టుకోవాలి. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కంపెనీ దాని సర్వరు ఆపేస్తోంది. ఆపేస్తే ఆట తెరుచుకోదు. కట్టుకున్న రేవులన్నీ పోతాయి. కారణం అడిగితే ‘రేవు-2’ వస్తోంది కదా, కొత్తది కొనుక్కోండి అంటున్నారు.

“ఎవరో వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు పెట్టారు. సొంతం అని అమ్మి ఎలా లాక్కుంటారని. బుధవారం విచారణ” అన్నాడు మేనేజరు.

“ఎవరట?”

“హాస్పిటల్ లాండ్రీలో పనిచేసే ఆవిడట. మొండి ఘటం. డబ్బు వాపసు ఇస్తామన్నా వద్దంది. రేవే కావాలట! మీరు సంతకం పెట్టి, బుధవారం వచ్చి అవునని చెబితే చాలు. ‘రేవు-2’ పనంతా మీకే. ఏడాది పాటు వెనక్కి చూసుకోనక్కర్లేదు.”

కత్తెర కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. “ఆలోచించుకుని చెప్తానండి” అంది. ఆ మొండి ఘటం తన వదినేనని మాత్రం చెప్పలేదు.

మర్నాడు భోజనం వేళకు ఆమె హాస్పిటల్ వెనకవైపు మెట్లు దిగి లాండ్రీలోకి వెళ్ళింది. లోపల ఆవిరి, సబ్బు వాసన, యంత్రాల రొద. పెద్ద రోలరు కింద నుంచి దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి వేడివేడిగా బయటికొస్తున్నాయి. వదిన వాటిని దులిపి బండి మీద వేస్తోంది. జోడీగా మడతపెట్టే మనిషి భోజనానికి వెళ్ళినట్టుంది.

“వచ్చావా, పట్టు” అంది వదిన, పలకరింపు కూడా లేకుండా.

కత్తెర దుప్పటి రెండు కొసలు పట్టుకుంది. ఇద్దరూ లాగి బిగించి, సగానికి మడిచి, ఒకరి ఎదురుగా ఒకరు నడిచి కొసలు కలిపారు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకు. వదిన చేతులు చకచకా పోతున్నాయి. కత్తెర కొస రెండుసార్లు జారింది.

“అక్షరాలు కత్తిరించే చేతులు. దుప్పట్లు ఎక్కడొస్తాయిలే” అని నవ్వింది వదిన. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “శనివారానికి ఇంకెన్ని రోజులు?”

“నాలుగు.”

“ఆరేళ్ళు కట్టానే! షిఫ్టు దిగి ఇంటికెళ్ళి ఒక్క గంట. అన్నం పెట్టవా అని గానీ, నా చొక్కా ఏదీ అని గానీ ఎవరూ అడగని గంట. ఆ గంటలో కట్టుకున్నాను. మీ అన్నయ్యకి కూడా తెలుసు, ఆ గంటలో ఇల్లు కూలినా నన్ను పిలవకూడదని.”

“తెలుసు వదినా.”

“ఏం తెలుసు? మీ వాళ్ళు చేసేవి తెలుసా? ఒకప్పుడు డిస్కు తెచ్చి పెట్టుకుంటే ఆట ఆడేవాళ్ళం. ఇప్పుడు సగం ఉడికిన ఆట చేతిలో పెడతారు. మిగతా సగం మళ్ళీ అమ్ముతారు. ఒక్కదాన్నే కూర్చుని ఆడుకోవడానికి కూడా నెట్ ఉండాలట, ఎందుకు? లైట్‌హౌసుకి దీపం కావాలంటే అదృష్టం పెట్టె కొనమన్నారు. తెరిస్తే టోపీ! ఓడకి టోపీ ఎందుకే? పద్నాలుగు టోపీలున్నాయి నా దగ్గర. అన్నీ భరించాను. ఇప్పుడు మొత్తానికే ఊడబెరుకుతారా?”

రోలరు దగ్గర దుప్పట్లు పేరుకున్నాయి. వదిన వెళ్ళి బండి లాక్కొచ్చింది. ఈసారి దుప్పటి అందించకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

“ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. కంపెనీవాళ్ళ జవాబులో అది నీ పొరపాటని రాశారు. సొంతం అని నువ్వు పొరపాటున రాశావా? నువ్వు రాసిన మాట కదా అని నమ్మే నేను నొక్కాను.”

కత్తెరకు ముఖం మీద కొట్టినట్టయింది. కంపెనీ తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. బండికి వేలాడుతున్న లాండ్రీ చీటీ ఒకటి తెంపి, వెనకవైపు పెన్నుతో ‘హక్కు’ అని పెద్దగా రాసింది. చీటీ కింది అంచును సరిగ్గా ఒత్తు దగ్గరికి మడిచి వదినకు చూపించింది.

“చదువు.”

“హకు.”

“అదీ సంగతి. ఆ బటన్ వాళ్ళ అక్షరాల కొలతకి చేశారు. మన అక్షరాలకి కింద ఒత్తులుంటాయి కదా, అవన్నీ తెగిపోయేవి. నేను మొదట ‘వాడుకునే హక్కు’ అనే రాశాను. తెర మీద ‘వాడుకునే హకు’ అని పడింది. బటన్ ఎత్తు కాస్త పెంచండి మహాప్రభో అన్నాను. ఒక్క భాష కోసం పెంచేది లేదు, ఒత్తు లేని మాట చూడమన్నారు. రెండు మాటలిచ్చాను. ఒకటి ‘వాడుకో’. రెండోది ‘సొంతం చేసుకో’. అర్థం తేడా కూడా పక్కన రాసిచ్చాను.”

“మరి?”

“‘వాడుకో’ అంటే జనం కొనరన్నారు. రెండోదే పెట్టమన్నారు.”

వదిన చీటీ మడత విప్పింది, మళ్ళీ మడిచింది. “అంటే తెలిసే పెట్టారన్నమాట.”

“తెలిసే.”

రోలరు ఆగింది. ఈ మాట రేపు అక్కడ చెప్తావా అని వదిన అడుగుతుందనుకుంది కత్తెర. అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంటూనే వచ్చింది. వదిన అడగలేదు.

“చెబితే నీ ఉద్యోగం పోతుంది. అందుకే నిన్ను సాక్ష్యానికి పిలవలేదు” అంది. దుప్పటి దులిపి రెండు కొసలు అందించింది. “పట్టు. ఇంకా అరవై ఉన్నాయి.”

అరవై దుప్పట్లూ మడిచాకే కత్తెర ఆఫీసుకు తిరిగి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేదు.

ఫోరం గది బడిలో తరగతి గదిలా ఉంది. పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, గోడకు ఒక తెర. మధ్యలో కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న అధ్యక్షురాలు. ఒక పక్క కంపెనీ లాయరు, ల్యాప్‌టాప్ ముందేసుకుని మేనేజరు. ఇంకో పక్క వదిన ఒక్కతే. షిఫ్టు నుంచి తిన్నగా వచ్చింది, నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. కత్తెర తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. సంచిలో కాగితం సంతకం లేకుండానే ఉంది.

లాయరు రెండే విషయాలు చెప్పాడు. ఒకటి, ఆ మాట తర్జుమాలో దొర్లిన పొరపాటు, అనువాదకురాలే వచ్చి చెబుతుంది. రెండు, కంపెనీకి ఎంత మనసున్నా సర్వరు లేకుండా ఈ ఆట నడవదు. సాంకేతికంగా అసాధ్యం. అసాధ్యం అన్న మాట ఆయన నోటికి ఇంపుగా ఉన్నట్టుంది, మూడుసార్లు అన్నాడు.

“అనువాదకురాలు మీరేనా? ఫిర్యాదుదారు మీకు తెలుసా?” అని అడిగింది అధ్యక్షురాలు.

“తెలుసండి. మా వదిన. మా అన్నయ్య భార్య.”

మేనేజరు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. లాయరు కుర్చీలోంచి సగం లేచాడు. “మేడమ్! ఇక ఈవిడ మాటకి విలువేముంది?”

“నా మాట నమ్మక్కర్లేదండి” అంది కత్తెర. సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. “పొరపాటయితే సంతకం పెట్టేదాన్ని. మాట తప్పయితే తప్పని ఒప్పుకోవడం నాకు రోజూ ఉండే పనే. ఇది పొరపాటు కాదు. నేనేం రాశానో, దానికి వీళ్ళేం జవాబిచ్చారో ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. రేవు జాబితా, ఎడమ నుంచి ఐదో నిలువు వరస.”

“అది కంపెనీ రహస్యం” అన్నాడు లాయరు.

“తెరవండి” అంది అధ్యక్షురాలు.

మేనేజరు జాబితా తెరిచాడు. అందులో పద్దెనిమిది వేల వాక్యాలున్నాయి. ఆయన వెతకలేదు, కిందకీ పైకీ జరపలేదు. ఒక్క నొక్కుతో తిన్నగా ఆ వాక్యం దగ్గర ఆగాడు. నిన్నో మొన్నో ఆయన దాన్ని చూసే ఉన్నాడని కత్తెరకు అర్థమైంది. తెర మీద ‘వాడుకో’, దాని కింద ‘సొంతం చేసుకో’, పక్కన ఆమె రాసిన అర్థం తేడా కనపడ్డాయి.

“ఐదో వరసలో ఏముందో చదవండి.”

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. “‘వాడుకో వద్దు. సొంతం చేసుకో పెట్టండి. తేడా తెలుసు. ఇదైతే జనం నొక్కుతారు.’”

“ఎవరు రాశారిది?”

లాయరు ఆయన మోచేతి మీద చెయ్యి వేశాడు. మేనేజరు ఆ చేతిని చూశాడు, తెరను చూశాడు. “నేనేనండి” అన్నాడు.

అధ్యక్షురాలు కళ్ళజోడు దించుకుని ఏదో రాసుకుంది. “సరే. నొక్కారు. ఇక రెండో సంగతి. సర్వరు లేకుండా నడవదంటున్నారు.”

“నడుస్తుందండి” అంది కత్తెర. ఎవరూ అడగకుండానే వచ్చేసిందా మాట. “నేను మూడు నెలలు అలాగే ఆడాను. ఆట విడుదల కాకముందు, గుట్టు బయటికి పొక్కుతుందని నన్ను కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. ఆ కంప్యూటరుకు నెట్ తీగ లేదు. ప్రతి మాటా తెర మీద ఎలా పడుతుందో చూడటానికి ఆట మొదటి నుంచి చివరిదాకా ఆడాను. సర్వరు లేదు, ఏమీ లేదు. శుభ్రంగా నడిచింది.”

“అది పరీక్షల కోసం చేసిన రకం మేడమ్, అమ్మడానికి కాదు…” అని లాయరు అందుకున్నాడు.

“అలాంటిది మీ దగ్గర ఉందా, లేదా?”

ఈసారి కూడా మేనేజరే చెప్పాడు. “ఉందండి.”

వదిన ఇంతసేపూ బల్ల కింద కోటు అంచును మడతపెడుతూనే ఉంది. ‘మన భాషలో ఆ మాట చదివి కొన్నవాళ్ళందరికీ, వాళ్ళు కట్టుకున్న రేవులతో సహా, నెట్ అక్కర్లేని ఆటను శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఇవ్వాలి. ఇచ్చేదాకా సర్వరు ఆపకూడదు’ అని అధ్యక్షురాలు చదువుతుంటే ఆ వేళ్ళు ఆగిపోయాయి.

బయట వరండాలో మేనేజరు కత్తెర దగ్గరికొచ్చాడు. ముఖం చూడలేదు. “రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదని చెప్పమన్నారు. నా చేతిలో ఏం లేదు.”

“మంచిది నాయనా, అరవై దుప్పట్లు మడిచింది కదా, మా లాండ్రీలో పెట్టుకుంటాం” అంది వదిన. ఆ తరవాత మెట్ల దగ్గర ఆగి, కత్తెర చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఒకరి ఏడుపు చూసి ఇంకొకరికి నవ్వొచ్చింది.

శుక్రవారం పొద్దున్నే కత్తెర ఇంటికి మేనేజరు ఫోన్ చేశాడు. ఫోరం చెప్పిన ప్రకటన అన్ని భాషల్లోనూ వెళ్ళాలి. మన భాషలో రాయడానికి మనిషి లేడు. కంప్యూటరుకు ఇస్తే ‘మీ రేవు మీకు ఇవ్వబడుటకు గురిచేయబడినది’ అని రాసిందట.

“ఉద్యోగంలోంచి తీసేసిన మనిషిని కదండీ” అంది కత్తెర.

“దాని గురించి సోమవారం మాట్లాడదాం. ఈ పూటకి కాపాడండి.”

ఆమె వదిన ఇంటికెళ్ళి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ప్రకటన తెరిచింది. అక్కడ రాసింది ఇది: శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరి ఆట మన భాషలో ఉంటుందో వాళ్ళకు మాత్రమే నెట్ అక్కర్లేని ఆట వస్తుంది. మిగతా ఏ భాషవాళ్ళకూ రాదు.

ఆమె మళ్ళీ చదివింది. కొన్న రోజున ఏ భాషలో ఉందని కాదు. రేపు పన్నెండింటికి ఏ భాషలో ఉందని! ఎవరో పెద్దమనిషి, ఎవరికి ఏ భాషలో అమ్మారో పాత చిట్టాలు తవ్వే శ్రమ తప్పించుకోవడానికి దగ్గరిదారి తొక్కాడు. ఇంత పెద్ద కన్నం కంపెనీలో ఒక్కరికీ కనపడలేదు. చెప్పాలా? ఆమె పని మాటలు మార్చడం, సలహాలివ్వడం కాదు. ఆ పనిలోంచి కూడా మొన్ననే తీసేశారు. ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా కాకుండా మార్చి పంపేసింది.

ప్రకటన వెళ్ళిన గంటకు వదినకు సందేశం వచ్చింది. రేవులో ఆమెకు నాలుగేళ్ళుగా పక్క రేవు మనిషి ఒకడున్నాడు. ఆటలో వాడి పేరు పిల్లిమీసం. ఎక్కడివాడో, ఏ భాషవాడో తెలియదు. యంత్రం తర్జుమా చేస్తే తప్ప ఇద్దరికీ మాట కలవదు. ఇప్పుడు వాడు అడిగాడు: ‘నేను ఆటను మీ భాషలోకి మార్చుకుంటే?’

వదిన కత్తెర వైపు చూసింది. కత్తెర కిటికీ వైపు చూసింది.

“నాకేం తెలీదు వదినా. నేను రాసింది ‘ఎవరి ఆట మన భాషలో ఉంటుందో వాళ్ళకి’ అని. ఎవరైనా ఎవరే కదా.”

“ఓసి నీ తెలివి తగలెయ్య!” అంటూ వదిన కుర్చీ ముందుకు లాక్కుంది.

పిల్లిమీసం ఇంకో పదిమందికి చెప్పాడు. వాళ్ళు వాళ్ళ వాళ్ళకు చెప్పారు. ఆటగాళ్ళందరూ కబుర్లు చెప్పుకునే పేజీలో శనివారం తెల్లారేసరికి అదే గోల. ఒక్క అక్షరం తెలియని భాషలోకి మార్చుకుని, ఆట నిండా గుండ్రటి అక్షరాలు చూసి బెదిరిపోయి, ఏ బటన్ ఏమిటో చెప్పమని వచ్చి పడుతున్నారు. వదిన సెలవు పెట్టింది. ఆరేళ్ళలో మొదటి సెలవు.

“మూడో వరస. గుడ్డులా ఉన్నదాని పక్కది. అది కాదయ్యా, తలకట్టున్నది! తలకట్టంటే ఏంటని అడుగుతున్నాడే, ఏం చెప్పను?”

“పైన టిక్కు పెట్టినట్టు ఉంటుందని చెప్పు.”

“ఆఁ, దొరికిందట!”

పేజీ పక్కన ఏ భాషలో ఎంతమంది ఆడుతున్నారో లెక్క కనపడుతుంది. మామూలు రోజుల్లో మన భాష అట్టడుగున ఉంటుంది, పన్నెండు వేలు. పది గంటలకు రెండు లక్షలు దాటింది. పదకొండింటికి తొమ్మిది. అన్నయ్య వంట మానేసి, చేతిలో గరిటెతో వచ్చి వెనక నిలబడి అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు. పదకొండున్నరకు మన భాష అన్నిటికంటే పైన ఉంది. దాని కింద ఉన్న భాషలన్నీ ఖాళీ అయిపోతున్నాయి.

ఫోన్ మోగింది. మేనేజరు. “కత్తెరగారూ! పంతొమ్మిది లక్షలమంది! మీరు ప్రకటనలో ఏం రాశారు?”

“మీరు రాసిందే రాశానండి. ఈసారి కూడా ఐదో వరసలో చూసుకోండి.”

అటు మౌసు నొక్కిన చప్పుడు వినపడింది. తరవాత గొంతు తగ్గించి అడిగాడు. “నా రేవు కూడా ఉందండీ అందులో. నేను కూడా మార్చుకోవచ్చా?”

“మీకు భాష వచ్చు కదా, సిగ్గెందుకు? మార్చుకోండి” అని పెట్టేసింది.

పన్నెండయ్యింది. ఆటలో ఆటగాళ్ళ సందేశాలు పడే చోటు ఆగిపోయింది. తెర నల్లబడింది. కత్తెర వదిన కుర్చీ వీపు పట్టుకుంది. మూలన, కొత్త ఆట దిగుతున్నట్టు, చిన్న గీత ఒకటి నిండుతూ వచ్చింది. నిండింది. వదిన లేచి గోడలోంచి నెట్ తీగ పీకేసి, నేల మీద పడేసి, మళ్ళీ కూర్చుంది.

నీళ్ళు కదిలాయి. గట్టు కనపడింది, గోదాములు కనపడ్డాయి. ఆరేళ్ళ రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. దూరంగా ఓడ ఒకటి రేవులోకి మళ్ళుతోంది. వదిన దాన్ని గట్టుకు చేరేదాకా నడిపించి, అప్పుడు కళ్ళు తుడుచుకుంది. అన్నయ్య గరిటె ఎత్తి కేకవేశాడు. కత్తెర కూడా కేకవేసింది. అంత గట్టిగా ఆమె జన్మలో అరవలేదు.

కంపెనీ దగ్గర నెట్ లేకుండా నడిచే ఆట ఒక్క మన భాషలోనే సిద్ధమైంది. ఇప్పుడు దాన్ని తిప్పి మార్చే దారి లేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఇకమీదట మన మాటల్లోనే ఓడలు నడపాలి, మన అంకెల్లోనే సరుకు దించాలి. ఆ సంగతి తెలిసి ఎవరూ ఏడవలేదు. పేజీ నిండా అచ్చుల పట్టికలు పంచుకుంటున్నారు.

సాయంత్రం కత్తెర ఫోన్‌లో ఆ పేజీ తెరిచి వదినకు అందించింది. పిల్లిమీసం మూడు మాటలు పెట్టాడు. యంత్రం చేసిన తర్జుమా కాదు. కాగితం మీద తన చేత్తో రాసి, ఫొటో తీసి పెట్టాడు. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వరస పక్కకి వాలిపోయింది.

‘అక్కా, ఇది సొంతం.’

వదిన ఫోను దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది.

“సున్నా సరిగ్గానే పెట్టాడే వెధవ” అంది.